కింద గాలి చొరబడితే పొట్టు దిగదు

పెరటి వడ్రంగం: పాఠకుల ప్రశ్నలు, రాజాం నుంచి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దుమ్ము గురించే. అందుకని మిగతా సందేహాలు పక్కన పెట్టి ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: మేస్త్రి గారూ, నేను ఆమదాలవలసలో హైస్కూలు టీచర్ని. ఇంటి వెనక వరండాకు రేకులు కట్టుకుని సాయంత్రాలు, సెలవుల్లో చిన్న బల్లలు, స్టాండ్లు చేసుకుంటున్నాను. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు చోటు. చేతి కట్టర్, గాడులు తీసే రూటర్, కర్రను నున్నగా రాపాడే శాండర్ ఉన్నాయి. దుమ్ము కోసం 1200 వాట్ల వ్యాక్యూమ్ కొన్నాను. పది నిమిషాలకే ఫిల్టర్ పూడుకుపోయి పీల్చడం మానేస్తోంది. విప్పి దులిపితే ఆ దుమ్మంతా మళ్లీ మా మీదే. పక్క గదిలో అమ్మ ఉంటుంది, ఆవిడకు ఆయాసం. దుమ్మును ఫిల్టర్ దాకా పోకుండా ముందే వేరుచేసే సెపరేటర్ ఒకటి పెయింట్ డబ్బాతో చేసుకోవచ్చని విన్నాను. నిజంగా పని చేస్తుందా? ఎలా చేసుకోవాలి?

జవాబు: పని చేస్తుంది మాస్టారూ. మా నాన్న వడ్రంగి, నేను రైస్ మిల్లుల్లో ముప్పయ్యేళ్లు ఫిట్టరుగా చేశాను. మీరడిగిన డబ్బా ఈ రెండు పనులూ కలిసిన చోట ఉంది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీ ఊరి దగ్గర ఏ మిల్లుకైనా వెళ్లి పైకి చూడండి. పైన డోలులా గుండ్రంగా, కిందికి గరాటాలా సన్నబడే రేకు డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని సైక్లోన్ అంటాం. తవుడును మోసుకొచ్చే గాలి దానిలోకి ఎదురుగా రాదు, పక్క నుంచి గోడను రాసుకుంటూ వస్తుంది. అందుకని లోపల గిర్రున తిరుగుతుంది. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కే బస్సులో ప్రతి మలుపుకీ మనం ఒక పక్కకి ఒరిగిపోతాం కదా, తవుడు కూడా అలాగే గోడ వైపు ఒరుగుతుంది. గోడను రాసుకుని వేగం తగ్గి కిందికి జారుతుంది. బరువు వదిలించుకున్న గాలి మధ్యలో ఉన్న గొట్టంలోంచి పైకి పోతుంది. కళ్లంలో తూర్పారబట్టడం కూడా ఇలాంటిదే. అక్కడ గాలి వచ్చేదాకా మనం ఎదురు చూస్తాం, ఇక్కడ గాలిని డబ్బాలో బంధించి తిప్పుతాం. మీ వ్యాక్యూమ్‌కీ, మీ కట్టర్‌కీ మధ్యలో ఇలాంటి డబ్బా ఒకటి పెడితే పొట్టు డబ్బాలో ఆగిపోతుంది, ఫిల్టర్ దాకా వెళ్లేది చాలా తక్కువ.

ప్లాస్టిక్ గరాటా సైక్లోన్లు తయారుగా దొరుకుతున్నాయి. కొనుక్కున్నా తప్పులేదు. చేసుకోవాలంటే మాత్రం గరాటా కంటే పళ్లెం పద్ధతి సులువు. నా షెడ్డులో ఇప్పుడున్నది అదే.

నేను వాడిన సామాను ఇది. 20 లీటర్ల పెయింట్ డబ్బాలు రెండు, మూత ఒకటి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. 40 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం అర మీటరు, దానికి ఎల్బో (మలుపు ముక్క) ఒకటి. 6 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్డు మూడు ముక్కలు, నట్లు, వాషర్లు. పాత సైకిల్ ట్యూబు, సందులు పూడ్చే ఎంసీల్ ముద్ద.

ముందు మూత పైన ప్లైవుడ్ గుండ్రంగా కోసి స్క్రూలతో బిగించండి. పల్చటి మూత ఒక్కటే ఉంటే గొట్టం బరువుకే ఊగుతుంది. మూత నడిమధ్యన ఒక రంధ్రం, అంచు దగ్గర ఒక రంధ్రం చేయండి. మధ్య రంధ్రంలోని గొట్టం వ్యాక్యూమ్‌కి వెళుతుంది. అంచున దించిన గొట్టానికి లోపల ఎల్బో తొడిగి, దాని నోరు డబ్బా గోడను రాసుకునేలా పక్కకి తిప్పండి. మధ్య వైపు తిప్పారో, గాలి తిరగదు. మధ్య గొట్టాన్ని మూతతో సమంగా కోసెయ్యకండి. ఎల్బో నోటికంటే కొంచెం కిందికి దిగాలి. లేకపోతే లోపలికి వచ్చిన పొట్టు ఒక్క చుట్టు కూడా తిరక్కుండా అడ్డదారిన మోటారులోకి పోతుంది. నేను చూసిన డబ్బాల్లో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

ఇక పళ్లెం. తిరిగే గాలికీ, కింద పోగైన పొట్టుకీ మధ్య ఇది అడ్డు. లేకపోతే కింద స్థిరపడిన పొట్టునే సుడిగాలి మళ్లీ లేపి పైకి లాక్కుపోతుంది. మూతకి పన్నెండు సెంటీమీటర్ల కింద డబ్బా లోపలి కొలత ఎంతుందో చూసి అంత ప్లైవుడ్ బిళ్ల కోయండి. డబ్బా కిందికి సన్నబడుతుంది కాబట్టి మూత దగ్గర కొలత తీసుకోకండి. అంచు నుంచి లోపలికి 28 మిల్లీమీటర్ల దూరంలో ఇంకో వలయం గీయండి. కంపాసును బిళ్ల వ్యాసార్ధానికి తెరిచి అంచు చుట్టూ నడిపిస్తే అది సరిగ్గా ఆరు అంగలు వేస్తుంది. నాలుగు అంగల మేర ఆ అంచు పట్టీని కోసి తీసెయ్యండి, రెండు అంగల మేర వదిలెయ్యండి. అంటే చుట్టుకొలతలో మూడింట రెండు వంతులు సందు, ఒక వంతు నిండు. నిండుగా ఉన్న భాగం ఎల్బో నోటి కిందికి వచ్చేలా మూడు రాడ్లతో మూతకి వేలాడదీయండి. గోడను రాసుకుంటూ వచ్చిన పొట్టు ఆ సందులోంచి కిందికి జారి పళ్లెం చాటున దాక్కుంటుంది. కోసిన అంచులను గరకు కాగితంతో నున్నగా చేయండి. పీచు నిలబడి ఉంటే అక్కడే పొట్టు చిక్కుకుని ఉండ కడుతుంది.

ఇంతవరకూ ఒక ఆదివారం పని. ఇప్పుడు అసలు సంగతి.

నేను మిల్లులో చేరిన రెండో ఏడో మూడో ఏడో, ఒక పంట కాలంలో తవుడు సైక్లోన్ కిందికి దిగడం మానేసి పై గొట్టంలోంచి ఎగిరిపోవడం మొదలుపెట్టింది. మిల్లు వెనక ఇళ్లవాళ్లు ఆరేసిన బట్టల మీదంతా తవుడే. వాళ్లు వచ్చి గొడవ పడ్డారు. యజమాని బెల్టు మార్పించారు, ఫ్యాను మార్పించారు, మోటారు విప్పించారు. మూడు రోజులు తిండి కూడా సరిగా తినలేదు మేము. చివరికి ఒక ముసలి మేస్త్రి వచ్చి సైక్లోన్ అడుగున చెయ్యి పెట్టి చూసి, "కింద గాలి చొరబడుతోంది నాయనా, ఇంక తవుడెలా దిగుతుంది?" అన్నారు. అడుగున తవుడును బయటికి వదిలే చోట రబ్బరు అరిగిపోయి చిటికెన వేలంత సందు పడింది, అంతే. లోపల పీల్పు ఉన్నప్పుడు ఆ సందులోంచి గాలి పైకి తన్నుకొస్తుంది, దిగాల్సిన తవుడును దిగనివ్వదు. రబ్బరు ముక్క మార్చిన పది నిమిషాలకు అంతా మామూలైపోయింది.

మీ పెయింట్ డబ్బాకీ ఇదే సూత్రం. పళ్లెం కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా నడుస్తుంది. మూత దగ్గర గాలి చొరబడితే మాత్రం నడవదు. సైకిల్ ట్యూబును నిలువుగా చీల్చి మూత గాడిలో చుట్టూ పరవండి. గొట్టాలు మూతలోంచి దిగిన చోట పైనా కిందా ఎంసీల్ పట్టించండి. తర్వాత మోటారు ఆన్ చేసి, ముఖానికి రాసుకునే పౌడరు చిటికెడు తీసుకుని ప్రతి అతుకు దగ్గరా వేళ్లతో రాల్చండి. సందు ఉన్న చోట పౌడరు కింద పడదు, సన్నటి చారలా లోపలికి లాక్కుపోతుంది. కంటికి కనిపిస్తుంది. మొదట్లో నేను అగరబత్తి పొగతో చూసేవాణ్ణి. లోపల పొట్టు పెట్టుకుని పక్కన నిప్పు పట్టుకోవడం మంచిది కాదని మానేశాను, మీరూ చేయకండి.

రెండు డబ్బాలు ఎందుకంటే, ఒకదానిలో ఒకటి దించడానికి. నా మొదటి డబ్బా ఒక్క పొరదే. ఒకరోజు ప్లాస్టిక్ కవరు ముక్క గొట్టం నోటికి అడ్డుపడింది. నేను స్విచ్ దగ్గరికి వెళ్లేలోపు డబ్బా 'ఫట్'మని లోపలికి నలిగిపోయింది. మామూలు వ్యాక్యూమ్ నోరు పూర్తిగా మూసుకుంటే 20 కిలోపాస్కల్‌ల దాకా పీల్చగలదు. 30 సెంటీమీటర్ల మూత మీద అది లెక్క కడితే సుమారు 140 కిలోల బరువు. ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడినట్టే. రెండు డబ్బాలు కలిస్తే తట్టుకుంటుంది, మూత పైన ప్లైవుడ్ ఎందుకు పెట్టమన్నానో కూడా ఇప్పుడు తెలుస్తుంది. పాత రేకు డ్రమ్ము దొరికితే ఇంకా మంచిది.

గొట్టాల కొలతలు ఒకదానికొకటి కలవక చాలామంది విసిగిపోతారు. పీవీసీ గొట్టం చివర మరుగుతున్న నీళ్లలో ముంచి ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు వ్యాక్యూమ్ పైపు మూతిని దానిలోకి నెట్టి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ కొలతకే గట్టిపడుతుంది. చేతులకు గుడ్డ చుట్టుకోండి. గొట్టం దారిలో ఎల్బోలు తగ్గించండి. తిప్పక తప్పని చోట మెల్లగా వంగే లాంగ్ బెండు వాడండి. వ్యాక్యూమ్, కట్టర్ రెండూ కలిస్తే 2200 వాట్లు దాటొచ్చు, అంటే దాదాపు పది ఆంపియర్లు. వరండాలో మామూలు 6 ఆంపియర్ల సాకెట్ దాన్ని మొయ్యదు, 16 ఆంపియర్ల లైను వేయించుకోండి.

డబ్బా నిండిందా లేదా అని మాటిమాటికీ మూత తీయక్కర్లేదు. వేళ్ల కణుపులతో డబ్బా పక్కన పై నుంచి కిందికి కొట్టుకుంటూ రండి. ఖాళీ ఉన్నంత మేర డబడబమంటుంది, పొట్టు ఉన్న దగ్గర చప్పుడు మొద్దుబారుతుంది. పళ్లేనికి నాలుగు వేళ్ల దూరం ఉండగానే పారబోయండి. పొట్టు పళ్లేన్ని తాకిందంటే ఇక ఆ తర్వాతదంతా ఫిల్టర్‌కే పోతుంది.

చేసినాక ఒకసారి పరీక్షించుకోండి. వ్యాక్యూమ్ ట్యాంకును శుభ్రంగా తుడిచి, ఒక కిలో రంపపు పొట్టు తూచి నేల మీద పోసి పీల్చండి. తర్వాత ట్యాంకు తెరిచి చూడండి. నా దానిలో ఒక చెంచాడు పిండి కనిపించింది, మిగతాదంతా డబ్బాలోనే ఉంది.

ఆ చెంచాడు గురించి మాత్రం మీ అమ్మగారి కోసం ఇంకో మాట చెప్పాలి. ఆ పిండి అన్నిటికంటే సన్నటిది. ఫిల్టర్ కొంత పట్టుకుంటుంది, పట్టుకోలేనిది వ్యాక్యూమ్ వెనక నుంచి వరండాలోకే వస్తుంది. అందుకని వ్యాక్యూమ్‌ను వరండాలో పెట్టకండి. గోడకు రంధ్రం చేసి, వ్యాక్యూమ్ బయట, డబ్బా లోపల ఉండేలా అమర్చుకోండి. ఆ బయట అనేది అమ్మగారి కిటికీకి అవతలి వైపు కావాలి. శాండర్ పని ఉన్న రోజు ఆవిడ గది తలుపు, కిటికీ మూయించండి.

ప్రశ్న: నమస్కారం అండీ. మాది విజయనగరం, గంట స్తంభం దగ్గర. ఎండీఎఫ్ మీద నేమ్ బోర్డులు కోసి, శాండింగ్ చేసి, రంగులు వేసి అమ్ముతున్నాను. మా తమ్ముడు వ్యాక్యూమ్‌కి సెపరేటర్ చేసిపెట్టాడు. నేల మీద దుమ్ము దాదాపు లేదు. ఇక మాస్కు అక్కర్లేదు కదా? ఉక్కపోతలో పెట్టుకోలేకపోతున్నాను.

జవాబు: మాస్కు తీయకమ్మా. నీకు చెప్పాలనే ఈ ఉత్తరం ఎంచుకున్నాను.

సెపరేటర్ ఫిల్టర్‌ను కాపాడుతుంది. ఊపిరితిత్తులను కాపాడటం దాని పని కాదు. బరువున్నదే గోడకు కొట్టుకుని దిగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పది మైక్రాన్ల కంటే సన్నటి దుమ్ముకు బరువు ఎక్కడిది? అది గాలితోపాటే తిరిగి గాలితోపాటే బయటికి పోతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. దానిలో ఐదో వంతు, పదో వంతు ఉన్న రేణువు అన్నమాట. నేల మీద కనిపించే పొట్టు మనల్ని తుమ్మిస్తుంది. కనిపించనిదే లోపలిదాకా దిగుతుంది.

రేపు పొద్దున్న పనయ్యాక మెషిన్లు ఆపి, కిటికీ తలుపు ఒకటే కొంచెం తెరిచి, లోపలికి పడే ఎండ చారలో చూడు. దుమ్ము రేణువులు అలా తేలుతూనే ఉంటాయి. అరగంట తర్వాత మళ్లీ వెళ్లి చూడు, ఇంకా ఉంటాయి. అందుకే శాండర్ ఆపగానే మాస్కు తీసెయ్యకూడదు.

కర్ర దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, 1995లో. ముఖ్యంగా ముక్కు లోపల వచ్చే క్యాన్సర్ గురించి. ఏళ్ల తరబడి ఆ దుమ్ములో పనిచేసినవాళ్ల మాట అది, నాలుగు బోర్డులకే భయపడమని కాదు. కానీ నువ్వు రోజూ చేస్తున్నావు. పైగా ఎండీఎఫ్ అంటే కర్ర పీచును ఫార్మాల్డిహైడ్ జిగురుతో నొక్కి చేసినది. దాన్ని శాండింగ్ చేస్తే వచ్చేది పొట్టు కాదు, మైదాపిండి లాంటి ధూళి.

మా నాన్న రోజుల్లో మెషిన్లు లేవు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లను చూశావా? ఒకే పనస దుంగలోంచి ఉలితో తొలిచి వీణ తీస్తారు. అక్కడ రాలేవి చెక్క పేళ్లు, చిత్రిక పడితే పొరలు పొరలుగా వచ్చే చుట్టలు. ఊడిస్తే పోతాయి. ఆ పనిలోనూ దుమ్ము లేకపోలేదు. మా నాన్న రంపం కోసేటప్పుడు ముక్కుకు తువ్వాలు కట్టుకునేవారు. సాయంత్రం నూతి గట్టు మీద ఆ తువ్వాలు దులుపుతుంటే నేను చూసేవాణ్ణి. బయటివైపు పచ్చగా పొట్టు అంటుకుని ఉండేది. లోపలివైపు, ముక్కుకు ఆనిన చోట, రెండు గుండ్రటి మరకలు ఉండేవి, అవీ పచ్చగానే. అంటే తువ్వాలు దాటి లోపలికి పోయింది అంత ఉంది. రాత్రిళ్లు ఆయన దగ్గు విని మా అమ్మ లేచి వేణ్నీళ్లు కాచేది. తువ్వాలు, చున్నీ, బట్ట మాస్కు సన్నదుమ్మును ఆపవు తల్లీ. ఎన్95 పెట్టుకో. ముక్కు మీది పట్టీని నొక్కి, చెంపల పక్కన గాలి పోకుండా సర్దుకో. ఉక్కపోత భరించలేకపోతే శాండింగ్ పనులన్నీ పొద్దున్న చల్లపూట ఒక గంటకు కుదించుకో, మిగతా రోజంతా దుమ్ము లేవని రంగుల పని పెట్టుకో.

వ్యాక్యూమ్‌కు హెపా ఫిల్టర్ సరిపోయేది దొరికితే వేయించు. నిజమైన హెపా 0.3 మైక్రాన్ల రేణువులను కూడా 99.97 శాతం పట్టుకుంటుంది. ఖరీదైనదే, కానీ మీ తమ్ముడు చేసిన డబ్బా ముందు ఉంది కాబట్టి అది త్వరగా పూడుకుపోదు. ఆ డబ్బా వల్ల నీకు దక్కే పెద్ద లాభం ఇదే.

ఇంకొకటి. మాస్కు కంటే ముందు చూడాల్సింది శాండర్‌కే గొట్టం తగిలించావా లేదా అని. దుమ్ము పుట్టిన చోటే పట్టుకోవాలి. గదంతా పరుచుకున్నాక ఏ మెషినూ దాన్ని వెనక్కి తేలేదు.

ప్రశ్న: సాలూరులో లారీ బాడీల షెడ్డు మాది. కర్రను చదును చేసే ప్లేనర్ మెషినుకి నాలుగంగుళాల దుమ్ము నోరు ఉంది. మీ పెయింట్ డబ్బా పద్ధతి దానికీ సరిపోతుందా?

జవాబు: సరిపోదు బాబూ. వ్యాక్యూమ్‌కి పీల్పు ఎక్కువ, గాలి తక్కువ. ప్లేనర్‌కి కావలసింది బోలెడంత గాలి. 20 లీటర్ల డబ్బా నీ ప్లేనర్ ముందు కొన్ని నిమిషాల్లో నిండిపోతుంది. బ్లోయర్ ఉన్న డస్ట్ కలెక్టర్ తీసుకుని, దాని ముందు 200 లీటర్ల రేకు డ్రమ్ము మీద పెద్ద సైక్లోన్ పెట్టు. గొట్టం నాలుగంగుళాలకు ఎక్కడా తగ్గించకు. రేకు పని మీ ఊళ్లో చేసేవాళ్లకు కొదవ లేదు. డ్రమ్ము మూత దగ్గర రబ్బరు సంగతి పైన మాస్టారికి చెప్పిందే, నీకు ఇంకా గట్టిగా చెబుతున్నాను. పాత బాడీ కర్రలో మేకులుంటాయి, చూసి తీశాకే ప్లేనర్‌కి పెట్టు. బ్లేడు మేకును తాకితే వచ్చే నిప్పురవ్వ నేరుగా పొట్టు డ్రమ్ములోకే పోతుంది. షెడ్డులో బీడీలు కాల్చేవాళ్లుంటే బయట చోటు చూపించు. రాత్రి తలుపు వేసే ముందు డ్రమ్ము ఖాళీ చేయించు.

ప్రశ్న: డబ్బా ముట్టుకుంటే చురుక్కున షాక్ కొడుతోంది. కరెంటు లీకవుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. (చీపురుపల్లి)

జవాబు: మొదట ఎలక్ట్రీషియన్ చేత వైరింగు చూపించుకోండి, అందులో మొహమాటం వద్దు. అక్కడ తేడా లేకపోతే ఇది ప్లాస్టిక్ గొట్టంలో పొట్టు రాసుకుని పుట్టే స్థిర విద్యుత్తు. మన వైపు గాలిలో తేమ ఉన్నన్నాళ్లు పెద్దగా తెలియదు, డిసెంబరు, జనవరి నెలల్లో పొడిగా ఉన్న రోజుల్లో తెలుస్తుంది. తొడుగు లేని రాగి తీగను గొట్టం పొడవునా చుట్టి, డబ్బా మీదుగా తెచ్చి ఎర్త్‌కు కలిపించండి.

ప్రశ్న: వారానికి రెండు బస్తాల పొట్టు పోగవుతోంది. ఏం చేసుకోవాలి? (బొబ్బిలి)

జవాబు: ముందు వేరు చేయండి. ప్లైవుడ్, ఎండీఎఫ్, రంగు, పాలిష్ తగిలిన పొట్టును పొయ్యిలోకీ, మొక్కలకీ, పశువుల కిందికీ వాడకండి. దాన్ని విడిగా మూటగట్టి చెత్తబండికే ఇవ్వండి. ఉత్త కర్ర పొట్టు అయితే పొట్టు పొయ్యికి బాగుంటుంది. పొయ్యి నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరి, సీసా మెల్లగా లాగేస్తే మధ్యలో గాలి దారి ఏర్పడుతుంది. కింద కన్నం దగ్గర అంటిస్తే చాలాసేపు నిలకడగా మండుతుంది. కూరడంలో ఒడుపు ఉంది, వదులుగా ఉంటే మధ్యలో కూలిపోతుంది. మొక్కల మొదట్లో పచ్చి పొట్టు నేరుగా వేస్తే అది కుళ్లేటప్పుడు నేలలో నత్రజనిని లాగేసుకుని ఆకులు పాలిపోతాయి. పేడతో కలిపి కొన్ని నెలలు మాగనిచ్చి వేయండి.

అవిసె నూనెతో పాలిష్ చేసిన గుడ్డలను మాత్రం పొట్టు బస్తాల దగ్గర పడేయకండి. ఉండగా చుట్టి వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, ఆరుబయట తీగ మీద ఆరేయండి, బాగా ఎండాకే పారేయండి.